మలుపు కింద ఆగే ఇంజను

తుష్నాబాద్‌లో మా అక్క ఇల్లు ఎత్తు మీద ఉంటుంది. ఇంటికి చేరే ముందు రోడ్డు పోకతోటల మధ్యనుంచి పైకెక్కి ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపు కిందే మా నాన్న తన అంబాసిడర్ కారులో చనిపోయాడు. ప్రమాదం కాదు, గుండె ఆగింది. కారుని రోడ్డు వారకి తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, తాళం తిప్పి ఇంజను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. ఆయన బతికినన్నాళ్ళూ ఏ పనీ సగంలో వదల్లేదు. అదీ వదల్లేదు.

ఆ మధ్యాహ్నం అక్క ఆయన కోసం చేపల పులుసు పెట్టి ఎదురుచూస్తోంది. ఇంజను ఎత్తు ఎక్కుతున్న చప్పుడు విన్నది. మలుపు కింద అది ఆగిపోవడమూ విన్నది. దారిలో ఎవరు కనబడినా కారాపి మాట్లాడే అలవాటు నాన్నకి ఉంది. అదే అనుకుని లోపలికి వెళ్ళి అన్నం వార్చుకుంది. పులుసు చల్లారేదాకా ఆమెకి అనుమానం రాలేదు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే మా పిన్ని అడిగింది: "సప్పుడు ఆగితే దిగి సూడాలి గదే పిల్లా?"

పిన్ని ఆ మాట అన్న సంగతే మరిచిపోయి ఉంటుంది. నేను మరిచిపోలేదు. ఆ రోజునుంచి నేను పిన్ని గడప తొక్కలేదు. నేనెందుకు రావడం లేదని ఆమె అందరినీ అడుగుతుందట, నన్ను తప్ప.

ఇదంతా తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. అక్కా బావా హిందీ మీడియంలో చదివారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, శుభలేఖ వస్తే నా చేతికిచ్చి చదివించుకుంటారు. నాన్న నన్నొక్కడినే పట్టుబట్టి తెలుగు మీడియంలో వేశాడు. సముద్రం మధ్య, హిందీ నడిచే ఈ దీవుల్లో తెలుగు చదివి ఏం చేస్తావని మా బంధువులందరూ నవ్వారు. ఏం చేయవచ్చో ఈ వయసులో తెలిసింది. వాళ్ళ గురించి వాళ్ళు చదవలేని అక్షరాల్లో రాయవచ్చు.

నాన్న ఒక కాంట్రాక్టరు వెంట మేస్త్రీగా శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చి, తర్వాత తనే చిన్న చిన్న పనులు పట్టాడు. ఆ తెల్ల అంబాసిడర్‌ని ప్రభుత్వ ఆఫీసు వేలంలో కొన్నాడు. పని పడితే కారుతో సహా ఫెర్రీ ఎక్కి రంగత్ దాకా వెళ్ళొచ్చేవాడు. ఆయన పోయాక కారు డెలానీపూర్‌లో మా ఇంటి పక్కన రేకుల షెడ్డులో నిలబడిపోయింది. పెద్దకర్మ నాడు, అరిటాకులు ఇంకా తీయకముందే మా బావ అన్నాడు: "ఈ డబ్బాని బార్జి ఎక్కించేస్తే మద్రాసులో తుక్కోళ్ళు తీసుకుంటారు. ఏటి బావమరిదీ, నీకు దీంతో ఏటి పని?"

నాకు దాంతో ఏం పనో ఆ క్షణందాకా నాకే తెలియదు. ఆ మాటతో తెలిసింది. రిటైరయ్యే రోజు కోసం ఆగాను. ఆఫీసు వదిలిన మరునాడే షెడ్డు తలుపు తెరిచాను.

ఈ ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కారు కింద వెనకవైపు ఉండే పెట్రోలు ట్యాంకు లోపలంతా తుప్పు పొరలు కట్టింది. పాత పెట్రోలు వార్నిష్‌లా గడ్డకట్టింది. ట్యాంకు దించి, అందులో గులకరాళ్ళూ గొలుసుముక్కా వేసి ఊపి ఊపి తుప్పు రాల్చాను. ఇక లోపల మళ్ళీ తుప్పు పట్టకుండా ఏదైనా పూత వేయాలి. ఆ పూత సంగతి దగ్గర బావ జోక్యం చేసుకున్నాడు.

బావకి ఫైబరు డింగీలు తయారుచేసే యార్డు ఉంది. డింగీ అంటే చేపలవాళ్ళు నడిపే చిన్న మోటారు పడవ. అచ్చులో ఫైబరు గుడ్డ పరిచి, తేనెలాంటి రెజిన్ పూసి, అది గట్టిపడ్డాక పడవ ఊడదీస్తారు. ఈ దీవుల్లో నీళ్ళు కారే ప్రతిదానికీ ఆ రెజినే మందు. నీళ్ళ ట్యాంకు కారినా, రేకు చిల్లి పడినా, బాత్రూము గోడ చెమ్మ దిగినా అదే పూస్తారు. బావ నా ట్యాంకులోకి తొంగిచూసి, "అరే యార్, మా పడవలకి పూసేదే పోసేద్దాం. సముద్రాన్నే ఆపుతాది, తుప్పు ఎంత?" అన్నాడు. అది వానాకాలం. ట్యాంకుని యార్డుకి తీసుకెళ్ళి, రెజిన్ పోసి అన్ని వైపులా తిప్పి, పొడి బట్ట కప్పి ఉంచాం. వేలు పెట్టి చూస్తే కొంచెం అంటుకుంటోందన్నాను. "మీ ఆఫీసు ఫైలు కాదురా ఇది, వేలు పెట్టడానికి" అన్నాడు బావ. యార్డులో పనివాళ్ళందరూ నవ్వారు.

కారు కదిలిన మొదటి ఆదివారమే దాన్ని అక్కకి చూపించాలని బయలుదేరాను. ముందుగా చెప్పలేదు. ఊరు దాటి, తోటల్లోకి వచ్చేదాకా ఇంజను గడియారంలా నడిచింది. ఎత్తు మొదలయ్యాక ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ నీరసించి, కుదుపుతో ఆగిపోయింది. చూస్తే మలుపు కింద ఉన్నాను.

ఏం చేయాలో ఆలోచించేలోపే పైనుంచి అడుగుల చప్పుడు వినబడింది. అక్క. చెప్పులు లేవు. చేతిలో నీళ్ళ చెంబు. నాన్న కారు చప్పుడు ఆమె పోల్చుకోలేకపోతే ఇంకెవరు పోలుస్తారు? కిటికీ దగ్గరికి వచ్చి నన్ను చూసింది. చూసిందనడం కూడా తప్పు. నా భుజం మీదుగా సీటుని చూసింది.

"దిగరా తమ్ముడూ."

"కార్బొరేటర్‌కి ఏదో అడ్డం పడినట్టుంది అక్కా. కొంచెం ఆగితే…"

"నువ్వు దిగు ముందు."

దిగాను. ఆమె అవతలి తలుపు తీసుకుని డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. చెంబు రెండు సీట్ల మధ్య పెట్టింది. ఖాళీ డ్రైవరు సీటు వైపు తిరిగి మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది. నేను చినుకుల్లో పోకచెట్టు కింద దారినపోయేవాడిలా నిలబడ్డాను. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ దిగింది. "ఇప్పుడు స్టార్టవుద్ది" అంది. అయింది. ఏమీ జరగనట్టు, ఒక్క దగ్గు లేకుండా, మలుపు తిరిగి ఇల్లు చేరింది.

నాకు ఒళ్ళు మండింది.

తర్వాతి ఆదివారం మళ్ళీ ఆగింది. ఆపై ఆదివారమూ అంతే. ప్రతిసారీ అక్క దిగివచ్చేది, నన్ను దిగమనేది, ఖాళీ సీటుతో మాట్లాడేది. చెంబులో నీళ్ళు ఆ సీటు ముందే ఉండేవి. అంత ఉక్కలో బానెట్‌లో తల పెట్టి నిలబడ్డ నాకు ఒక గుక్క తాగమని ఏనాడూ అనలేదు. నీళ్ళు చివరికి రోడ్డు వారన పారబోసేది. నాన్న వచ్చి ఆపుతున్నాడని ఆమె నమ్మకం. ఆనాడు తను దిగి రాలేదు కనుక ఇప్పుడు పిలుస్తున్నాడని. అది కాదని తేల్చాలని నా పంతం. కారు మీద దెయ్యం పేరు పడితే మా నాన్న మీద పడినట్టే. ఆయన బతికుండగా ఎవరి దారికీ అడ్డం నిలబడలేదు.

బావకి ఇదంతా వేళాకోళం. ఫోన్ చేసి మరీ అడిగేవాడు: "క్యా హువా, మీ బాబు మళ్ళీ బ్రేకేసినాడా? ఆయనకి లైసెన్సు రెన్యూ చేయించావా లేదా?"

నాకు కార్ల గురించి పెద్దగా తెలియదు. కానీ ఇంజను ఆగే తీరులో తేడా ఉంటుందని తెలుసు. తాళం తిప్పి ఆపినా, కరెంటు తీగ తెగినా ఇంజను దారం కత్తిరించినట్టు ఆగుతుంది. పెట్రోలు అందకపోతే దగ్గి, తడబడి, బతిమాలుకుంటూ ఆగుతుంది. నాది దగ్గుతోంది. కాబట్టి తప్పు పెట్రోలులో ఉంది. పెట్రోలులో నీళ్ళు కలిసి ఉంటాయి. పోసిన బంకుకి వెళ్ళాను.

బంకు మేనేజరు మా తెలుగు కుర్రాడే. నా ఫిర్యాదు విని, క్యూలో ఉన్న వాళ్ళందరి ముందే ఒక కర్రకి నీటిని పసిగట్టే పేస్టు పూసి, నేల కింది ట్యాంకులో ముంచి తీశాడు. నీళ్ళుంటే పేస్టు రంగు మారాలి. మారలేదు. "పానీ కహాఁ హై, అంకుల్? వయసైపోనాది మీ బండికి, మా పెట్రోలుకి కాదు" అన్నాడు. వెనక స్కూటర్ల మీద వాళ్ళు పళ్ళికిలించారు. అతని పెట్రోలు మంచిదేనని నాకు తర్వాత తెలిసింది. అయినా ఆ నవ్వు అవసరం లేదు. ఈనాటికీ నేను పెట్రోలు ఇంకో బంకులోనే పోయిస్తాను, అది దూరమైనా.

ఇక నా పరీక్షలు నేనే మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం ఇంటికి తిరిగొచ్చాక కార్బొరేటర్ గిన్నెలోంచి పెట్రోలు గాజు సీసాలోకి వంచి, వెనక వరండా గూట్లో పెట్టేవాణ్ణి. నీళ్ళు కలిసి ఉంటే అవి బరువుకి అడుగుకి దిగి విడిగా గీత కనబడుతుంది. గీత లేదు. అడుగున తుప్పు లేదు. కొంచెం పసుపుగా ఉందేమోనని ఎండకెత్తి చూసేవాణ్ణి. అన్నీ తేటగానే ఉన్నాయి. సీసాలు పెరిగాయి. కంపు ఇల్లంతా పట్టింది.

"కొంపకి నిప్పెట్టేదాకా నిద్రపోరా ఏటి?" అంది నా భార్య.

"తప్పెక్కడుందో తేలాలి."

"మలేరియా వాళ్ళు రక్తం ఎప్పుడు తీస్తారండీ? జ్వరం మీదుండగా తీస్తారు. మీరేమో జ్వరం తగ్గి, అన్నం తిని పడుకున్నాక సూది గుచ్చుతున్నారు. ఏటి కనబడుద్ది?"

ఆ మాట నాకు నచ్చలేదు, ముందు నాకు తట్టలేదు కనుక. కానీ ఆదివారం సీసాతోపాటు ఇంకొకటి కూడా పట్టుకెళ్ళాను. డింగీ మోటార్లకి పెట్రోలు గొట్టం మధ్యలో గుడ్డులాంటి రబ్బరు బుడ్డి ఉంటుంది. చేత్తో నొక్కి వదిలితే అది ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంది. బావ యార్డులో పాతవి బోలెడు పడి ఉంటాయి. ఒకటి అడిగితే, "తీసుకో తీసుకో, మీ బాబుకి బీపీ చూడ్డానికా?" అని విసిరాడు. అది నా ఛాతీకి తగిలి కింద పడింది. వంగి తీసుకున్నాను.

కారు మలుపు కింద దగ్గి ఆగింది. అక్క వచ్చింది. ఆమె చెప్పకముందే నేను దిగాను. ఆమె లోపల కూర్చుంది. నేను బానెట్ ఎత్తి, ట్యాంకునుంచి వచ్చే గొట్టం ఊడదీసి, దానికి రబ్బరు బుడ్డి తగిలించి నొక్కాను. బుడ్డి అణిగింది. వదిలితే మళ్ళీ ఉబ్బాలి. ఉబ్బలేదు. ముడుచుకుపోయిన పిడికిలిలా అలాగే ఉండిపోయింది. అంటే ఆ చివర, ట్యాంకులో, గొట్టం మూతిని ఏదో పట్టుకుని ఉంది.

ఎత్తిన బానెట్ వెనకనుంచి అక్క గొంతు వినబడుతోంది. అంతకుముందెప్పుడూ నేను ఆ మాటలు చెవిన పడనివ్వలేదు. ఆ రోజు నా చేతిలో ఆ బుడ్డి ఉబ్బడం కోసం కదలకుండా నిలబడ్డాను కనుక వినక తప్పలేదు.

"పులుసు సల్లారిపోనాది నానా. మళ్ళీ ఎచ్చబెట్టినాను. ఎవలో కనపడితే మాటాడతన్నావనుకున్నాను. ఏవనుకోకు. నువ్వు మాటాడితే తెమలదు గదా, అందుకని ఎసరు దింపుకున్నాను… ఇప్పుడు ఎంటనే వచ్చేస్తన్నాను గదా. సూడు, సెప్పులు కూడా ఏసుకోలేదు."

తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఎదుటివాళ్ళు జవాబు చెబుతుంటే వినేవాళ్ళ నిశ్శబ్దం అది. తర్వాత "అలాగే" అంది అక్క.

అప్పుడే నా చేతిలో బుడ్డి నెమ్మదిగా ఉబ్బింది.

నేను భయపడ్డానని ఒప్పుకోవడానికి సిగ్గులేదు. సీసా జారిపోబోతే పట్టుకున్నాను. ఆ ఉబ్బిన బుడ్డిని మళ్ళీ నొక్కి, ఆ క్షణాన వచ్చిన పెట్రోలుని సీసాలోకి పట్టాను. చిక్కటి తేనెరంగులో ఉంది. అందులో రొయ్య పొట్టులాంటి పలచటి పొరలు తేలుతున్నాయి. ఇల్లు చేరి సీసాని కదపకుండా ఉంచితే మర్నాటికి పైన తేటపడి, అడుగున బంకలాంటిది పేరుకుంది. మూత తీసి వాసన చూశాను. పెట్రోలు వాసన వెనక ఇంకో ఘాటు వాసన. మా బావ ఇంటికొస్తే ఆయన చొక్కాకి అంటుకుని ముందుగా లోపలికి వచ్చే వాసన.

నాకు అర్థమైంది. ఆ రెజిన్ వానాకాలపు చెమ్మలో పూర్తిగా గట్టిపడలేదు. సముద్రపు నీటికి అది లొంగదు, పెట్రోలుకి లొంగుతుంది. ట్యాంకు గోడల మీదనుంచి పొరలుగా ఊడి, కరిగి, అడుగున జెల్లీలా పడి ఉంది. కారు చదును నేల మీద నిలబడినంతసేపూ అది కదలదు. దారి పొడవునా కుదిపి, చివరికి ఎత్తు ఎక్కించేసరికి లేచి గొట్టం మూతిని కప్పేస్తుంది. ఇంజను ఆగి, గొట్టంలో లాగుడు పోయాక మెల్లగా వదిలేస్తుంది. అక్క మాట్లాడడం అయ్యేసరికి దానికి సరిపడా విశ్రాంతి దొరికేది.

సరిగ్గా అక్కడే ఎందుకన్నదానికి కూడా నా దగ్గర జవాబు ఉంది. సరిగ్గా అక్కడే కాదు. ఒకసారి తోటల దగ్గరే ఆగింది, ఒకసారి మలుపు సగం తిరిగాక ఆగింది. అక్క లెక్కలో అవన్నీ మలుపు కిందే.

అయినా రుజువు లేకుండా నేను నోరు విప్పను. తర్వాతి ఆదివారం డింగీవాళ్ళ ఎర్ర పెట్రోలు డబ్బా ఒకటి ముందు సీటు కింద కట్టి, దాని గొట్టాన్నే నేరుగా ఇంజనుకి కలిపాను. కారు ట్యాంకుతో సంబంధం లేదు. ఎత్తు మొదలైంది. దగ్గు లేదు. మలుపు వచ్చింది, వెనక్కి పోయింది. నేను గెలిచానని గట్టిగా అరిచాను కూడా. వాకిట్లోకి వెళ్ళి హారన్ కొట్టాను.

అక్క గడపలో నిలబడి ఉంది. చేతిలో చెంబు. దిగి రావడానికి ఒక కాలు బయట పెట్టి, పెట్టినట్టే ఆగిపోయింది.

"ఎందుకు ఆగలేదురా?"

ఎర్ర డబ్బా చూపించి అంతా వివరంగా చెప్పాను. ట్యాంకు వదిలేసి వేరే పెట్రోలుతో వచ్చాను, కాబట్టి తప్పు ట్యాంకులో ఉంది, దెయ్యం లేదు, ఏమీ లేదు. ఆమె ఓపికగా విన్నది.

"అయితే ఈ పెట్రోలు నాన్నది కాదన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆమె మాతో భోజనానికి కూర్చోలేదు. పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ట్యాంకు దించి, అడుగు నట్టు విప్పి, ఉన్నదంతా గిన్నెలోకి వంచాను. ఆ గిన్నెతోనే బావ యార్డుకి వెళ్ళాను. ఆటోవాడు కంపు కొడుతోందని గొణిగాడు, గొణగనిచ్చాను. పనివాళ్ళందరూ ఉన్నప్పుడే వెళ్ళాలని వేళ చూసుకుని మరీ వెళ్ళాను. డబ్బా అన్నందుకు, ఫైలు అన్నందుకు, బీపీ అన్నందుకు, ఛాతీకి విసిరినందుకు, అన్నిటికీ ఆ గిన్నె జవాబు.

"ఇదిగో మా బాబు" అన్నాను గిన్నె ఆయన ముందు పెట్టి. "బ్రేకేసింది ఈయనే. నీ రెజిన్."

బావ గిన్నెలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. పనివాళ్ళని టీకి పొమ్మన్నాడు. నేను కూడబెట్టుకున్న మాటలు వినడానికి ఎవరూ మిగల్లేదు.

"మీ అక్కకి సెప్పినావా?"

"ట్యాంకులో తప్పుందని చెప్పాను. నీ పేరు ఇంకా చెప్పలేదు."

"నా పేరు సెప్పుకో. పర్వాలేదు, నా రెజినే. కానీ కారు బాగుసెయ్యకు." తిరగేసి ఉన్న డింగీ మీద కూలబడ్డాడు. "మావయ్య పోయినకాడనుంచీ మీ అక్క నిద్రపోదురా. కింద ఏ బండి ఆగినా లేచి కూకుంటాది. నీ డబ్బా వచ్చి అక్కడ ఆగుతున్న ఆదివారాలు, పోయి మాటాడొచ్చి, పిల్లలా పడుకుంటాది. నేను ఫోన్ జేసి ఆగిందా ఆగిందా అని అడుగుతున్నది నిన్ను ఏడిపించడానికేనా? రెజిన్ సంగతి నాకు డౌటొచ్చి సానా రోజులైంది. జానే దో, పోనీలే అనుకున్నాను. నువ్వు గెలిచినావు. ఖుష్? ఇప్పుడు వదిలెయ్."

ఆయనకి ముందే అనుమానం వచ్చిందట. అనుమానం వచ్చీ నన్ను అన్ని ఆదివారాలు బానెట్ కింద నిలబెట్టాడు. అది నేను క్షమించలేదు. "మా నాన్న కారు రోగంతో తిరగడానికి వీల్లేదు" అని మాత్రం అన్నాను. పంతం నాది ఆ స్థాయిలోనే ఉంటుంది.

బావ ఇంకేమీ వాదించలేదు. ట్యాంకుని ఎన్నోసార్లు కడిగించి, తన యార్డులోనే కోయించి, తనే కూర్చుని ఆ పూతంతా గీకి తీశాడు. మళ్ళీ అతికించి ఇచ్చాడు. లోపల ఈసారి ఏ పూతా వేయలేదు. కావాలంటే తుప్పు పట్టనీ అన్నాను.

పెట్రోలు పోయించి, సీసాలోకి పట్టి చూసుకున్నాను. తేట. ఆదివారం బయలుదేరాను. ఎర్ర డబ్బా లేదు. అక్కతో చెప్పడానికి మాటలు సిద్ధం చేసుకున్నాను: ఇది నాన్న ట్యాంకే, నాన్న గొట్టాలే, నాన్న పెట్రోలే అనుకో. అయినా ఆగలేదు చూడు.

ఎత్తు మొదలైంది. ఇంజను ఎంత నునుపుగా లాగుతోందంటే, నాన్న పక్కన కూర్చుని వెళ్ళినప్పటి చప్పుడే. తోటల్లో వాన వెలిసి ఆకుల చివర్లు కారుతున్నాయి. మలుపు కనబడింది. పైన అక్క వింటూ ఉంటుంది. ఒక కాలు గడప బయట పెట్టి ఉంటుంది. నేను ఆగకుండా వెళితే ఆ కాలు ఏం చేస్తుంది?

యాక్సిలరేటర్ మీదనుంచి నా కాలు లేచింది. లేపాలని నేను అనుకోలేదు. కారుని రోడ్డు వారకి తీశాను. హ్యాండ్‌బ్రేక్ లాగాను. ఇంజను ఇంకా తిరుగుతోంది. అది దానంతట అది ఆగదు, దానికి ఇప్పుడు ఏ రోగమూ లేదు. తాళం తిప్పి ఆపేశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆదివారం ఆదివారం వినబడే అడుగులు కావు అవి. పరుగు. రాళ్ళు దొర్లుతున్నాయి. అక్క మలుపు దగ్గర జారి, చెట్టు పట్టుకుని, మళ్ళీ పరుగెత్తింది. చెంబులో నీళ్ళు దారంతా ఒలికిపోయాయి. కిటికీలో చెయ్యి పెట్టి నా చొక్కా పట్టుకుని ఊపింది. ఆమె ముఖం అలా నేను ఎప్పుడూ చూడలేదు.

"మాటాడు! మాటాడరా!"

"ఏమైందక్కా? నేనే. ఆగిపోయింది."

ఆమె ఊపిరి అందక తలుపుని పట్టుకుని నిలబడింది.

"దగ్గలేదురా. ఇన్నాళ్ళూ దగ్గి ఆగేది. ఆరోజు దగ్గలేదు. ఆరోజు ఇలాగే… ఉన్నట్టుండి… తెంపేసినట్టు."

నేను సీసాలు పెట్టుకుని, బుడ్డి నొక్కుకుని, చప్పుళ్ళ తేడా నాకే తెలుసనుకున్నాను. ఆ తేడా ఆమెకి మొదటినుంచీ తెలుసు. దగ్గి ఆగిన ఆదివారాలన్నీ ఆమె నాన్న దగ్గరికి నడిచి వచ్చింది. ఆ చావు చప్పుడు మాత్రం ఆమె మళ్ళీ వినలేదు, నేను తాళం తిప్పేదాకా.

దిగడానికి తలుపు మీద చెయ్యి వేశాను. అలవాటైపోయింది.

"దిగకు" అంది అక్క. చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. సీటుతో మాట్లాడలేదు. ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కొంతసేపు ఉంది. ఆమె కాళ్ళకి బురద, ఒక మోకాలు గీసుకుపోయింది.

"పద. ఇంటికాడికి పద. ఆరోజు రానిది అక్కడికే గదా."

తాళం తిప్పాను. కారు దగ్గకుండా కదిలి, మలుపు తిరిగి, వాకిట్లోకి వచ్చి ఆగింది. బావ గడపలో నిలబడి మమ్మల్నిద్దరినీ చూశాడు. అక్క దిగి, నా వైపు వచ్చి, పెద్దవాళ్ళకి తీసినట్టు డ్రైవరు తలుపు తీసి పట్టుకుంది. నేను దిగినా మూయలేదు. ఇంకెవరో దిగాలన్నట్టు కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత వేసింది.

లోపల చేపల పులుసు ఉంది. మొదటి విస్తరి ఎవరికి వేసిందో చెప్పను. నాది రెండోది. మంచినీళ్ళు ఆ రోజు కూడా నేనే ముంచుకుని తాగాను.

ఆమె మలుపు కిందికి రావడం మానేసింది. నేను ఆదివారాలు ఆగకుండా వెళుతున్నాను. ఇప్పటికీ నెలకోసారి పెట్రోలు సీసాలోకి పట్టి వరండా గూట్లో పెట్టి చూస్తాను, తేటగానే ఉంటుంది. చెంబు మాత్రం ఆనాడు కారులోనే ఉండిపోయింది. అది పోయిందని అక్క అప్పుడప్పుడూ నన్నే అంటుంది, నేను ఒప్పుకోను. సీటు కింద ఎక్కడో చిక్కుకుని దారంతా చప్పుడు చేయదు. ఎత్తు ఎక్కి ఆ మలుపు కిందికి రాగానే వెనక్కి దొర్లాల్సింది ముందుకే దొర్లుకుంటూ వచ్చి నా ఎడమకాలి మడమకి తగిలి ఆగుతుంది. ఏటవాలు వల్లే. చేత్తో వెనక్కి నెట్టేసి, మలుపు తిప్పుతాను.